ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమా?

హోసూరులోనో బళ్లారిలోనో బరంపురంలోనో కార్లు బాగుచేసే షెడ్డు దగ్గర ఓ పూట నిలబడితే చాలు, ఈ సంభాషణ చెవిన పడుతుంది. బండికి టర్బో పోయింది. కొత్తదానికో, రిపేరు చేసినదానికో యజమాని వేలకు వేలు లెక్కపెట్టి ఇచ్చాడు. మెకానిక్ కాస్త నసుగుతూ ఇంకో మాట అంటాడు. "ఆయిల్ పైపు కూడా కొత్తది వేసుకుంటే మంచిదన్నా." యజమాని ముఖం చిట్లిస్తాడు. "పైపుకేమొచ్చింది? ఇనపదే కదా! పెట్రోలు పోసి కడిగి, గాలి కొట్టి బిగించెయ్." మెకానిక్ మరి మాట్లాడడు. బిగించేస్తాడు. నెల తిరక్కుండానే అదే బండి తాడు కట్టించుకుని అదే షెడ్డుకు తిరిగొస్తుంది. ఈసారి నింద మెకానిక్ మీద, లేదంటే టర్బో అమ్మినవాడి మీద. పైపును మాత్రం ఎవరూ ఏమీ అనరు.

టర్బో ధర ముందు ఆ పైపు ధర ఎంత? టర్బోకు పదివేల లెక్కల్లో పోస్తే, పైపుకు మామూలుగా వందల్లోనో ఒకటి రెండు వేల లోపో తేలిపోతుంది. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. సొంత కారున్న ఉద్యోగికి ఇది డబ్బు నష్టం. అప్పు చేసి టాక్సీ కొని, నెలనెలా వాయిదా కట్టుకునే డ్రైవరుకు మాత్రం ఇది కూటి సమస్య. పెళ్లిళ్ల సీజన్లోనో శబరిమల సీజన్లోనో బండి పది రోజులు షెడ్డులో పడుకుంటే ఆ ఇంట్లో పొయ్యి మీద దాని ప్రభావం కనిపిస్తుంది.

సన్నటి దారి, పెద్ద బాధ్యత

టర్బో చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. ఇంజన్ బయటికి వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో చివర ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజన్లోకి తోస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుఖీ 1905లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటినుంచి సూత్రం మారలేదు. మారింది వేగం. ఇంజన్ నిమిషానికి 4 వేల చుట్లు తిరుగుతుంటే పక్కనే ఉన్న టర్బో ఇరుసు లక్ష దాటి తిరుగుతుంది. చిన్న కార్ల టర్బోల్లో అది 2 లక్షల దాకా పోతుంది.

అంత వేగంతో తిరిగే ఇరుసును చాలా కార్లలో పట్టి ఉంచేది ఇనుము కాదు, ఆయిల్. ఇరుసుకూ బుష్‌కూ మధ్య వెంట్రుక పట్టనంత సందు ఉంటుంది. ఆ సందులో ఒత్తిడితో నిలబడిన ఆయిల్ పొర మీదే ఇరుసు తేలుతూ తిరుగుతుంది. వేడిని మోసుకుపోయేది కూడా ఆ ఆయిలే. అది కొన్ని క్షణాలు అందకపోయినా బుష్ అరిగి, ఇరుసు ఊగి, చక్రం రెక్కలు గోడకు రాసుకుంటాయి. ఆ ఆయిల్‌ను ఇంజన్ నుంచి టర్బోకు చేర్చేదే ఈ సన్నటి పైపు. లోపలి దారి చూస్తే పెన్ను రీఫిల్‌ను తలపిస్తుంది. ఇంతటి యంత్రం ప్రాణం అంత సన్నటి గొట్టంలో ఉందంటే బయటివారికి నమ్మబుద్ధి కాదు. షెడ్డులో ఉన్నవారు మాత్రం నమ్మి తీరాలి.

కడిగితే పోయే మసి కాదు

"ఊదితే గాలి పోతా ఉండాది సామీ, ఇంకేం కావాల?" హోసూరు షెడ్లలో తరచుగా వినిపించే వాదన ఇది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ గాలి వేరు, ఆయిల్ వేరు. సూది బెజ్జమంత దారి మిగిలినా గాలి జొరబడుతుంది. చల్లగా చిక్కగా ఉన్న ఆయిల్ తగినంత పోవాలంటే ఆ దారి చాలదు.

పైపు లోపల పేరుకునేది మామూలు మడ్డి కాదు. హైవే మీద గంటల తరబడి పరుగెత్తిన బండిని డాబా ముందు ఆపి, ఠక్కున తాళం తీసేస్తారు. ఇంజన్ ఆగగానే ఆయిల్ పంపు ఆగుతుంది. టర్బో మాత్రం అప్పటికింకా నిప్పులా ఉంటుంది. అందులోనూ, దాని పక్క పైపులోనూ కదలకుండా నిలిచిపోయిన ఆయిల్ ఆ వేడికి మాడి బొగ్గు కడుతుంది. రోజూ ఇదే తంతు. మూకుడు అడుగున మాడిన నూనె గట్టిపడినట్టే పైపు గోడలకు పొర మీద పొర పడుతుంది. ఆయిల్ మార్చకుండా వేల కిలోమీటర్లు సాగదీసే బండ్లలో ఇది మరీ ఎక్కువ.

పెట్రోలుతోనో కిరసనాయిలుతోనో కడిగితే ఈ బొగ్గు కరగదు. కొంత సడలుతుంది. ఆ సడలడమే అసలు ప్రమాదం. సగం ఊడిన పెచ్చు, బండి స్టార్టు చేశాక ఆయిల్‌తో పాటు కొట్టుకొచ్చి నేరుగా కొత్త టర్బో బుష్‌లో ఇరుక్కుంటుంది. కడగని పైపు టర్బోను మెల్లగా చంపితే, కడిగిన పైపు ఒక్కోసారి మొదటి రోజే చంపుతుంది.

ఇది ఇక్కడి మెకానిక్‌ల భయం మాత్రమే కాదు. ప్యూజో-సిట్రాయెన్, ఫోర్డ్ కంపెనీలు కలిసి రూపొందించిన 1.6 లీటర్ల డీజిల్ ఇంజన్ యూరప్‌లో ఈ విషయంలోనే పేరు మోసింది. ఇంజెక్టర్ల అడుగున వాషర్లు లీకై, మసి ఆయిల్‌లో కలిసి, పైపు బోల్టులో ఉండే సన్నటి జల్లెడను మూసేసేది. టర్బో మార్చినా పైపు, బోల్టు మార్చనివారికి కొత్త టర్బో కూడా పోయేది. చివరికి టర్బోలు బాగుచేసి అమ్మే వర్తకులు కొత్త ఆయిల్ పైపు వేసినట్టు రుజువు చూపిస్తేనే గ్యారంటీ అని షరతు పెట్టుకున్నారు. జపాన్ వారి సుబారు టర్బో ఇంజన్లలోనూ బోల్టులోని జల్లెడ మూసుకుపోవడం తెలిసిన సంగతే. అదే జబ్బు భారత్‌లో తిరిగే ప్రతి బండికీ ఉందని కాదు. పైపును వదిలేసి టర్బో ఒక్కటే మార్చడం జబ్బును వదిలేసి జ్వరానికి మందు వేయడమే అన్నది అక్కడి అనుభవం నేర్పిన పాఠం.

తెల్లనివన్నీ పాలు కావు

సరే, కొత్త పైపు వేద్దామని తేలింది. ఏది వేయాలి? ఇక్కడ రెండో పొరపాటు ఎదురుచూస్తూ ఉంటుంది.

మామూలు కారుకు, మామూలు వాడకానికి, కంపెనీ ఆ ఇంజన్ కోసం చేసిన పైపును మించినది లేదు. దాని పొడవు, వంపులు, లోపలి దారి, బిగించే చోట్లు అన్నీ ఆ ఇంజన్‌ను చూసి నిర్ణయించినవే. ఇనుప పైపు చూడ్డానికి సాదాగా ఉంటుంది. వేడిని మాత్రం బాగా ఓర్చుకుంటుంది.

దుకాణాల్లో కళ్లకు ఇంపుగా కనిపించేది స్టీలు తీగ అల్లిక ఉన్న హోస్. "రేసు కార్లకు ఇదే వేస్తారు" అని అమ్మేవాడు అంటాడు. నిజమే, వేస్తారు. కానీ పైన మెరిసే అల్లిక ఆయిల్‌ను మోయదు. మోసేది లోపలి గొట్టం. లోపల ఉన్నది పీటీఎఫ్ఈ, అంటే జనం నోట టెఫ్లాన్ అయితే 260 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. మామూలు నైట్రైల్ రబ్బరు అయితే 100, 120 డిగ్రీల దగ్గరే దాని ఆయుష్షు తీరడం మొదలవుతుంది. టర్బో పక్కన ఆ వేడి లెక్కలోకే రాదు. పైకి రెండూ ఒకేలా మెరుస్తాయి. లోపల ఏముందో బిల్లు మీద రాసివ్వనివాడి దగ్గర ఆ హోస్ కొనకపోవడమే మేలు. ఒకవేళ వేసినా, ఆ తీగ అల్లిక పక్కనున్న వైర్లనూ పైపులనూ ఆకురాయిలా కోసేస్తుంది. దానికి తొడుగు వేయాలి, కదలకుండా క్లాంపు పెట్టాలి, వేడి మానిఫోల్డ్‌కు దూరంగా నడిపించాలి.

లీకయ్యే పైపు టర్బోను మాత్రమే కాదు, మనుషులనూ ప్రమాదంలోకి నెడుతుంది. ఒత్తిడితో చిమ్మే ఆయిల్ ఎర్రగా కాలిన మానిఫోల్డ్ మీద పడితే అగ్గిపుల్ల అక్కర్లేదు. కారు తగలబడటానికి అది చాలు. ఇరుసు ఊగి టర్బో సీళ్లు పోతే మరో ప్రమాదం. డీజిల్ ఇంజన్ తన ఆయిల్‌నే తాగి మండించుకుంటూ, తాళం తీసినా ఆగకుండా పిచ్చిగా పరుగెడుతుంది. పిల్లాపాపలతో ఘాట్ రోడ్డు మీద ఉన్న బండికి ఈ రెంటిలో ఏది జరిగినా పైపు దగ్గర మిగిల్చిన ఆ కొద్ది డబ్బు గుర్తుకు రాదు.

పెద్ద పైపు వేస్తే సరిపోదా?

"కాస్త లావుది వేస్తే ఆయిల్ ఎక్కువ పోతుంది, మంచిదే కదా" అనే తెలివి కూడా ఉంది. మంచిది కాదు. టర్బో సీళ్లు ఆయిల్‌తో నిండిపోయిన గదిని ఆపడానికి చేసినవి కావు. ఎక్కువ ఒత్తిడితో పోస్తే ఆయిల్ సీళ్లు దాటి, ఒకవైపు సైలెన్సర్లో నీలం పొగగానూ మరోవైపు గాలి పైపులో జిడ్డుగానూ తేలుతుంది. అది చూసి టర్బో పోయిందనుకుని మళ్లీ టర్బో మార్చేవారూ ఉన్నారు!

విదేశీ సామాన్లలో 'ఏఎన్' గుర్తులు కనిపిస్తాయి. అవి అమెరికా సైన్యం, నౌకాదళం ఉమ్మడి కొలతల నుంచి వచ్చాయి. ఆ అంకె అంగుళంలో ఎన్ని పదహారో వంతులో చెబుతుంది. 4 అంటే పావు అంగుళం. బుష్‌ల మీద తిరిగే టర్బోకు సాధారణంగా ఈ 4వ నంబరు పైపు సరిపోతుంది. వేరే అడ్డు అక్కర్లేదు. బాల్ బేరింగుల టర్బోకు ఆయిల్ తక్కువ చాలు. అందుకే దాని దారిలో సుమారు 1 మిల్లీమీటరు రంధ్రం ఉన్న రెస్ట్రిక్టర్ పెట్టమంటారు. ఆ రెస్ట్రిక్టర్ కొన్నిటిలో బోల్టులోనే ఉంటుంది. బాల్ బేరింగు టర్బోకు అది తీసేసినా తప్పే, బుష్ టర్బోకు అక్కర్లేకుండా బిగించినా తప్పే. ఏ టర్బోనో తెలియకుండా పైపు ఎంచుకోవడం కాలు కొలవకుండా చెప్పులు కొనడం లాంటిది.

వచ్చిన ఆయిల్ తిరిగి పోయే దారి సంగతి చాలామంది మరిచేపోతారు. టర్బోలోకి ఆయిల్ ఒత్తిడితో వస్తుంది. బయటికి మాత్రం తన బరువుతోనే జారి ఛాంబర్లోకి దిగాలి. అందుకే దిగే పైపు లావుగా ఉంటుంది. అది నిలువుగా, వంగినా 35 డిగ్రీలు మించకుండా ఉండాలి. అది నలిగినా, మడతపడినా, దాని గాస్కెట్ దగ్గర పూసిన సిలికాన్ లోపలికి పొంగి దారి మూసినా ఆయిల్ టర్బోలోనే నిలిచి సీళ్ల గుండా కారుతుంది.

ఇక బిగించే పద్ధతి. రాగి వాషర్లు కొత్తవే వేయాలి. దారాలకు టెఫ్లాన్ టేపు చుట్టకూడదు. దాని పోగు ఒకటి ఊడినా చాలు, ఆ సన్నటి దారి మూసుకుపోవడానికి. టర్బో నోట్లో ముందుగా శుభ్రమైన ఆయిల్ పోసి, ఇంజన్ అంటుకోకుండా సెల్ఫ్ కొడుతూ ఆయిల్ వచ్చిందని చూశాకే స్టార్టు చేయాలి. ఆయిల్, ఫిల్టరు అప్పుడే మార్చాలి. అరగంట పని ఇది. ఆ అరగంట దగ్గర తొందరపడటం వల్లే ఎన్నో టర్బోలు పోతున్నాయి.

మెకానిక్ ఒక్కడిదే తప్పా?

కాదు. పైపు అడిగితే "కమీషన్ కోసం అంటగడుతున్నాడు" అనే అనుమానం యజమానిది. ఆ అనుమానానికి కారణాలు లేకపోలేదు. అవసరం లేని సామాను అంటగట్టే షెడ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఒరిజినల్ డబ్బాలో లోకల్ సరుకు పెట్టి అమ్మే దుకాణాలూ ఉన్నాయి. వీటి మధ్య నిజం చెప్పే మెకానిక్ మాటకు కూడా విలువ లేకుండా పోయింది.

సామాను దొరకడం లేదన్న కష్టం కూడా నిజమే. మారుతి సుజుకి 2020 ఏప్రిల్‌తో డీజిల్ కార్లకు స్వస్తి చెప్పింది. భారత్‌లో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ప్రకటించింది. ఆ బండ్లు మాత్రం ఇంకా రోడ్ల మీద ఉన్నాయి. చేతులు మారి మారి చిన్న ఊళ్ల టాక్సీలుగా తిరుగుతున్నాయి. అలాంటి బండికి పైపు వెంటనే దొరక్కపోతే డ్రైవరు రోజుల తరబడి ఎదురుచూడలేడు. నిజమే. కానీ రెండు రోజులు ఆగడం ఇష్టంలేక పాత పైపు వేసి, ఇరవై రోజులు ఆగిపోవడం ఏం లాభం? మరీ తప్పనిసరైతే పాత పైపు కొలతలతో, అదే లోపలి దారితో, మంచి స్టీలు పైపునో అసలైన పీటీఎఫ్ఈ హోస్‌నో పద్ధతిగా చేయించుకోవచ్చు. బ్రేకు పైపు ముక్కతోనో కంప్రెసర్ గాలి గొట్టంతోనో సర్దుకోవడం మాత్రం ఎవరికీ మేలు చేయదు.

డీజిల్ కార్లు తగ్గుతున్నాయి కదా, ఈ గొడవ కూడా పోతుందిలే అనుకోవడం పొరపాటు. కొత్తగా వచ్చే చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి టర్బో ఉంటోంది. పెట్రోలు ఇంజన్ పొగ డీజిల్ పొగ కంటే వేడి. కొన్ని టర్బోలకు నీటి పైపులు ఉన్నా ఆయిల్ పైపు పని తగ్గదు.

పార్టు నంబరుకు భాష లేదు

సరిహద్దు ఊళ్ల తెలుగువారికి ఇందులో మరో చిక్కు ఉంది. బండి ఒక రాష్ట్రంలో, మెకానిక్ మరో భాషవాడు, సామాను మూడో ఊరి నుంచి వస్తుంది. హోసూరు బండికి బెంగళూరు నుంచి, బళ్లారి బండికి హైదరాబాదు నుంచి, బరంపురం బండికి విశాఖ నుంచి పైపు తెప్పించుకుంటారు. ఫోనులో "టర్బో ఆయిల్ పైపు" అంటే వచ్చే పైపా, పోయే పైపా, కూలర్ పైపా అన్నది అవతలివాడి ఊహకు వదిలేసినట్టే. తెలుగులో చెప్పింది కన్నడంలో ఒకలా, తమిళంలో మరోలా, ఒడియాలో ఇంకోలా చేరుతుంది. చివరికి ఏదో ఒకటి వస్తుంది, దాన్నే వంచి బిగిస్తారు.

దీనికి మందు సులువు. బండి ఛాసిస్ నంబరు చెప్పి, దానికి తగిన పార్టు నంబరు రాయించుకోవాలి. పార్టు నంబరుకు తెలుగు, తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ తేడాల్లేవు. అది బిల్లు మీద కూడా ఉండాలి. టర్బో, పైపు, వాషర్లు, ఆయిల్, ఫిల్టరు అన్నీ ఒకే బిల్లులో తేదీతో రాయించుకుంటే రేపు గ్యారంటీ అడిగే నోరు ఉంటుంది. చీటీ ముక్క మీద అంకె వేసి ఇచ్చినదాన్ని బిల్లు అనుకుని జేబులో పెట్టుకునేవారికి ఆ నోరు ఉండదు.

"పక్క రాష్ట్రంలో కొన్నాం, ఇక్కడ ఎవరిని అడుగుతాం" అని ఊరుకునే అలవాటు కూడా మానాలి. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొన్నవాడు తాను నివసించే జిల్లా కమిషన్లోనే ఫిర్యాదు చేయవచ్చు. బెంగళూరులో నకిలీ పైపు కొన్న హోసూరు డ్రైవరు కృష్ణగిరి జిల్లాలోనే అడగవచ్చన్నమాట. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. సొంతంగా టాక్సీ నడుపుకుని బతికేవాడిని వ్యాపారి అని పక్కనపెట్టడానికి కూడా వీల్లేదు. స్వయం ఉపాధికి కొన్నది వాణిజ్య అవసరం కిందికి రాదని చట్టమే చెబుతోంది. 1915 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనూ సలహా అడగవచ్చు. ఇవన్నీ పనికి రావాలంటే మాత్రం చేతిలో సరైన బిల్లు ఉండాలి.

కోసి చూపిస్తే చాలు

చట్టం దాకా పోకుండానే తేలాల్సిన వ్యవహారం ఇది. మెకానిక్‌లు టర్బో పనికి విడివిడిగా రేటు చెప్పడం మాని, పైపూ వాషర్లూ ఆయిలూ ఫిల్టరూ కలిపి ఒకే పనిగా చెప్పాలి. ఒప్పుకోని యజమానికి "పాత పైపుతో నేను బిగించను" అనే ధైర్యం చూపాలి. ఒకరు అంటే పక్క షెడ్డుకు పోతారు. ఊళ్లో పదిమంది ఒక మాట మీద నిలబడితే ఎక్కడికి పోతారు? టాక్సీ స్టాండ్లలోని డ్రైవర్ల సంఘాలు కూడా ఈ మాట తమ సభ్యులకు చెప్పాలి. బండి ఆపేముందు ఒకటి రెండు నిమిషాలు ఇంజన్‌ను నెమ్మదిగా తిరగనివ్వమని, ఆయిల్ గడువుకు మార్చమని చెప్పడానికి ఖర్చేమీ కాదు.

యజమానికి అనుమానం తీరడానికి దగ్గరి దారి ఒకటుంది. తీసిన పాత పైపును చెత్తలో పారేయకుండా వైస్‌లో పట్టించి, హాక్సా బ్లేడుతో నిలువునా కోయించి చూడాలి. లోపల శుభ్రంగా ఉంటే మెకానిక్‌ను నిలదీయవచ్చు. నల్లటి పెచ్చులు రాలితే కొత్త పైపు డబ్బు మారుమాట లేకుండా ఇవ్వాలి. అలా కోసిన పైపు ఒకటి ప్రతి షెడ్డు గోడకు వేలాడితే చాలు. దాన్ని చూశాక కూడా అంకుశం దగ్గర బేరమాడేవాడు తన ఏనుగును తానే పోగొట్టుకుంటున్నాడని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.